తుర్రేబాజ్ ఖాన్ – హైదరాబాదు మరచిన ఖైదీ

మన బస్తీల్లో కుర్రవాడెవడైనా కాస్త ఎక్కువ మాట్లాడితే చాలు, "ఏందిరా, నువ్వేమన్నా పెద్ద తుర్రం ఖాన్‌వా?" అంటారు. ముషీరాబాద్ చౌరస్తా దగ్గర ఆటోవాలా అంటాడు, తార్నాకలో బస్ కండక్టర్ అంటాడు, యూనివర్సిటీ కాంపస్‌లో పిల్లలు ఒకరినొకరు అనుకుంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనూ ఇదే మాట, తెలుగు మాట్లాడే ఇండ్లలోనూ ఇదే మాట. ఇది ఎగతాళి మాట. అయితే ఈ మాట వెనుక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి మన హైదరాబాదు వాడని, ఇంగ్లీషు వారి చేత యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడి, తప్పించుకొని, చివరకు తుపాకి గుండుకు బలి అయినాడని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. ఉత్తర దేశంలో కూడా ఇలాంటి మాట వాడుకలో ఉన్నది కాబట్టి, ఇది కచ్చితంగా ఆయన పేరు నుంచే పుట్టిందని మేము పట్టుబట్టము. కానీ హైదరాబాదులో ఆ మాట వినగానే గుర్తుకు రావలసిన పేరు తుర్రేబాజ్ ఖాన్‌దే.

ముందు పేరు సంగతి చెప్పుకుందాం. ఉర్దూలో 'తుర్రా' అంటే తలపాగా మీద నిలబెట్టే కుచ్చు. తెలుగువారు దాన్నే 'తురాయి' అన్నారు. ఎండాకాలంలో ఎర్రగా పూసే తురాయి చెట్టుకు కూడా ఆ పూల కుచ్చును చూసే ఆ పేరు పెట్టారు. ఇక 'బాజ్' సంగతి మనకు తెలియనిదేమీ కాదు – పతంగ్‌బాజ్, కబూతర్‌బాజ్ అంటుంటాం గదా. తుర్రేబాజ్ అంటే తురాయి ధరించి దర్జాగా తిరిగేవాడు అన్నమాట. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు. తరువాత మిగతా కథ చెప్తే నవ్వు ఆగిపోతుంది.

కథ ఆయనతో మొదలు కాలేదు. ఒక విధంగా మన ముషీరాబాద్‌తోనే మొదలైనది. ఈ మొహల్లాకు ఆ పేరు ముషీరుల్ముల్క్ అరస్తూ జా వల్ల వచ్చింది. ఆయన రెండవ నిజాముకు దివాను, 1804లో గతించినాడు. గొప్ప తెలివిగలవాడు. ఆయన దివానుగా ఉన్నప్పుడే, 1798 సెప్టెంబరు 1న, ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కంపెనీవారి 6 బెటాలియన్లు నిజాము రాజ్యంలో ఉంటాయి, వాటి ఖర్చు ఏటా 24,17,100 రూపాయలు నిజాము కట్టుకోవాలి. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న నిజాము సొంత పటాలాన్ని రద్దు చేయాలి. అప్పటికి టిప్పు సుల్తాన్ ఇంకా బ్రతికే ఉన్నాడు. మరుసటి ఏడు శ్రీరంగపట్నం కోట పడిపోయినప్పుడు కంపెనీ పక్షాన నిజాము సైన్యం కూడా ఉన్నదనే సంగతి మనం దాచుకోవడం మంచిది కాదు.

ఆ తరువాత జరిగినది అందరికీ తెలిసిన మామూలు వ్యవహారమే. మన రక్షణకని వచ్చినవాడు ఇంటిలో గది అడిగాడు, తరువాత తాళం చెవి అడిగాడు. కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు కర్క్‌పాట్రిక్ మూసీ ఒడ్డున కోఠీలో రాజమహలు వంటి భవనం కట్టించినాడు. హైదరాబాద్ కంటింజెంట్ అని మరొక సైన్యం తయారైంది. అధికారులు ఇంగ్లీషువారు, జీతాలు నిజామువి. జీతాలు ఇవ్వలేక ఖజానా అప్పుల్లో పడింది. చివరకు 1853 మేలో బేరారు, ధారాశివ్, రాయచూరు దోఆబు – మంచి పంట నేలలు – కంటింజెంటు ఖర్చు కింద కంపెనీ చేతిలో పెట్టవలసి వచ్చింది. అదే నెలలో 24 సంవత్సరాల యువకుడు మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాను అయినాడు. ఆయనే మొదటి సాలార్ జంగ్.

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. ఆ తరువాత వారం తిరక్కుండానే, మే 16న, హైదరాబాదులో నిజాము నాసిరుద్దౌలా మరణించినాడు. కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కినాడు (అఫ్జల్‌గంజ్ ఆయన పేరు మీదనే). రెసిడెంటు కర్నల్ డేవిడ్సన్ కూడా కొత్తగా బాధ్యతలు తీసుకున్నవాడే. కొత్త నిజాము, కొత్త రెసిడెంటు, 28 ఏండ్ల దివాను. ఊరంతా ఉడికిపోతున్నది. జూన్ నెలలో గోడల మీద ఇష్తిహార్లు వెలిశాయి, మక్కా మసీదులో ఢిల్లీ బాద్షా పక్షాన మాటలు వినబడ్డాయి. బొంబాయి గవర్నరుకు గుండెల్లో రాయి పడింది. హైదరాబాదు పోతే దక్షిణాదిలో ఏదీ దక్కదని వాళ్ళ లెక్క.

అటువంటి సమయంలో చీదా ఖాన్ వచ్చాడు. ఈయన కంటింజెంటు అశ్వికదళంలో జమాదారు. తమ దళాన్ని ఉత్తరాదికి, తోటి సిపాయిల మీదికి పంపుతున్నారని తెలిసి ఎదురు తిరిగినవారిలో ఒకడు. ఇంగ్లీషువారు తలకు వెల కట్టగా కొంతమందితో తప్పించుకొని హైదరాబాదు చేరినాడు. ఎందుకు? నిజాము తన మాలిక్ కాబట్టి, శరణు దొరుకుతుందని. ఆయనకు దొరికిన శరణు ఏమిటంటే, సాలార్ జంగ్ పట్టి బంధించి రెసిడెంటుకు అప్పగించడం.

శరణు కోరి గడప తొక్కినవాడిని శత్రువుకు అప్పగించడం ఏ మతంలోనూ, ఏ కులంలోనూ ఒప్పుకునే పని కాదు. ఊరి జనానికి రాజకీయాలు అర్థమైనా కాకపోయినా ఇది మాత్రం అర్థమైనది. 1857 జూలై 17, జుమ్మా రోజు. మక్కా మసీదులో గుమిగూడిన జనంలో ఆవేశం కట్టలు తెంచుకుంది. చీదా ఖాన్‌ను, ఆయన వెంట ఉన్నవారిని విడిపించాలనేది వారి కోరిక. ఇద్దరు ముందుకు వచ్చినారు. ఒకరు మౌల్వీ అలావుద్దీన్, రెండవవాడు బేగం బజారు నివాసి, రుస్తుం ఖాన్ కుమారుడు తుర్రేబాజ్ ఖాన్. వెంట సుమారు 500 మంది రోహిల్లాలు. వారి వెనుక ఇంకా చాలామంది ఊరి జనం.

రోహిల్లాలంటే ఎవరో ఇక్కడ చెప్పాలి, లేకపోతే చిన్నపిల్లలకు అర్థం కాదు. వీరు అఫ్ఘాన్ మూలాలవారు. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ దక్కనుకు వచ్చి నవాబుల దగ్గర, జమీందార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర కత్తి కొలువు చేసుకున్నారు. బాకీలు వసూలు చేయడానికి సాహుకార్లు వీళ్ళను పంపేవారు. తెలంగాణ పల్లెల్లో రోహిల్లా అంటే తలుపులు మూసుకున్న రోజులు కూడా ఉన్నాయి. సావనీరులో రాస్తున్నాం గదా అని అందరినీ ఔలియాలను చేయడం మా ఉద్దేశం కాదు. రెసిడెన్సీ కాగితాల్లో వీళ్ళందరూ బద్మాషులే. బద్మాషులు కొందరు ఉండవచ్చు. కాని ఆ సాయంత్రం వారు వెళ్ళినది ఏ బీదవాని ఇంటి మీదికీ కాదు, దేశంలోకెల్లా బలమైన ప్రభుత్వం యొక్క గేటు మీదికి వెళ్ళినారు.

రెసిడెన్సీ పడమటి వైపు, పుత్లీబౌలి దిక్కున, రెండు పెద్ద ఇండ్లు ఉండేవి. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, మరొకటి జైగోపాల్ దాస్ అనే సాహుకారుది. తుర్రేబాజ్ ఖాన్ మనుషులు ఆ రెండింటిలోకి చేరి, మేడల మీద నుంచి రెసిడెన్సీలోకి కాల్పులు మొదలుపెట్టినారు. ఒక ముస్లిం ఇల్లు, ఒక హిందూ సాహుకారి ఇల్లు – రెండూ ఆ రాత్రికి మోర్చాలైనాయి. అందుకే దీన్ని ఒక్క ముసల్మానుల కథగా చెప్పుకోవడం మాకు నచ్చదు.

అయితే లోపలివారు నిద్రపోతూ లేరు. రోహిల్లాలు వస్తున్నారనే ఖబురు సాలార్ జంగ్ ముందుగానే రెసిడెంటుకు పంపినాడు. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి, మేజర్ బ్రిగ్స్ రక్షణ చూస్తున్నాడు. రాత్రంతా కాల్పులు జరిగినాయి. ఒకవైపు నాటు తుపాకులు, కత్తులు. మరొకవైపు ఫిరంగి దెబ్బలు. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, మిగిలినవారు వెనుకదారిన జారుకున్నారు. దాడి ఓడిపోయింది. ఒక్క రాత్రిలో మొదలై ఒక్క రాత్రిలో ముగిసింది.

చాలామంది చరిత్ర పుస్తకాలవారు ఇక్కడ ఆగిపోతారు. మాకేమో అసలు కథ ఇక్కడే మొదలైనట్లు కనిపిస్తుంది.

తుర్రేబాజ్ ఖాన్ కొద్ది రోజులకే పట్టుబడ్డాడు. విచారణలో వారు అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే – మౌల్వీ ఎక్కడ? చెప్పలేదు. చెప్పి ఉంటే ఏదైనా దయ దొరికేదేమో, దొరికేది కాదేమో. మొత్తానికి చెప్పలేదు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేసినారు, అనగా అండమాన్ దీవులు. నల్ల నీళ్ళు, కాలాపానీ. మన పిల్లలు కాలాపానీ అనగానే సినిమాలో చూసిన సెల్యులార్ జైలు అనుకుంటారు. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. 1858 మార్చిలో మొదటి 200 మంది ఖైదీలతో ఓడ చేరినప్పుడు అక్కడ గోడలు కూడా లేవు. అడవి, వాన, జలగలు, జ్వరాలు. ఖైదీలే చెట్లు కొట్టి తమ ఖైదుఖానాను తామే కట్టుకోవాలి. పారిపోయినవారిలో కొందరు అడవిలో చనిపోయినారు, పట్టుబడ్డవారిలో చాలామందిని ఉరి తీశారు. గొప్ప పండితుడు, మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ అక్కడే 1861లో కన్నుమూశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను పంపదలచుకున్నది అక్కడికి.

కాని ఆయన ఓడ ఎక్కలేదు. 1859 జనవరి 18న కాపలా నుంచి తప్పించుకున్నాడు. కాపలావాళ్ళే చేయి కలిపినారు. ఈ ఒక్క సంగతి మీద మేము ఎన్నోసార్లు ఆలోచించినాము. ఓడిపోయి ఏడాదిన్నర అయింది. ఢిల్లీ పడిపోయింది, బహదూర్ షాను రంగూన్‌కు పంపినారు, లక్నో పడిపోయింది, ఝాన్సీ రాణి చనిపోయింది. ఇక ఎవరికీ ఏ ఆశా లేదు. అటువంటప్పుడు జీతం మీద బ్రతికే సంతరీలు ఒక ఖైదీ కోసం తమ మెడలను ఉరితాడుకు ఇచ్చినారంటే, ఆ మనిషి మీద జనానికి ఎంత ప్రేమ ఉండి ఉండాలి!

తలకు 5,000 రూపాయలు ఇనాము ప్రకటించినారు. ఇది ఎంత మొత్తమో పిల్లల చేత లెక్క కట్టించండి. అప్పటి కంపెనీ కాల్బల సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. 5,000ను 7తో భాగిస్తే 714 నెలలు, అంటే ఇంచుమించు 60 సంవత్సరాల జీతం. ఒక సిపాయి తన జన్మంతా, ఇంకా కొడుకు జన్మలో సగం కొలువు చేస్తే వచ్చే సొమ్ము, ఒక్క తలకు.

ఆయన ఉత్తరం వైపు, నాగపూర్ దారిన పోయినాడు. ఆరు రోజులు మాత్రమే స్వేచ్ఛ. జనవరి 24న తూప్రాన్ దగ్గర తాలూక్దారు మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్ మనుషుల చేతిలో చనిపోయినాడు. పేరు చూడండి. పట్టి అప్పగించిన దివాను మనవాడు, చంపిన తాలూక్దారు మనవాడు. తప్పించిన సంతరీలు కూడా మనవాళ్ళే. ఇంగ్లీషువాడు ఈ కథలో ఎక్కువగా కుర్చీలో కూర్చొనే ఉన్నాడు.

శవాన్ని హైదరాబాదుకు తెచ్చి, రెసిడెన్సీ దగ్గర, నలుగురూ నడిచే దారిలో, గొలుసులతో వేలాడదీసినారు. మయ్యిత్‌ను కప్పి, త్వరగా మట్టిలో కలపడం బ్రతికి ఉన్నవారి మీద ఫర్జ్. ఆ ఫర్జ్ నెరవేరకుండా చూడడమే అక్కడ వేసిన అసలు శిక్ష, అది చచ్చినవానికి కాదు, చూసేవారికి. ఇది ఇంగ్లీషువారికి కొత్త కాదు. రాయలసీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, ఆయన తలను కోట మీద 1877 దాకా వేలాడనిచ్చినారు. ముప్పై ఏండ్లు! తుర్రేబాజ్ ఖాన్ చనిపోయిన మరుసటి సంవత్సరం, 1860లో, నిర్మల్‌లో రాంజీ గోండును ఉరి తీశారు. ఆయన వెంట గోండులతో పాటు రోహిల్లాలు కూడా పోరాడినారు, కలిసే చనిపోయినారు. ఆ చెట్టును వెయ్యి ఉరుల మర్రి అని అక్కడి జనం ఈనాటికీ తలుచుకుంటారు. నరసింహారెడ్డికి పల్లెపల్లెనా పాటలు ఉన్నాయి. రాంజీకి చెట్టు పేరైనా ఉన్నది. మన తుర్రేబాజ్ ఖాన్‌కు మిగిలినది ఒక ఎగతాళి మాట.

ఆ శవం వేలాడిన కొద్ది వారాలకే, 1859 మార్చి 15న, నిజాము దర్బారు నుంచి బయటికి వస్తున్న డేవిడ్సన్, సాలార్ జంగ్‌ల మీద జహంగీర్ ఖాన్ అనే వ్యక్తి కాల్పులు జరిపినాడు. గురి తప్పింది, ఆయనను అక్కడికక్కడే నరికివేసినారు. కాబట్టి భయపెట్టే పని పూర్తిగా నెరవేరలేదని అర్థమవుతుంది.

ఇక సాలార్ జంగ్ గురించి. మన సొసైటీ మీటింగుల తరువాత చాయ్ తాగుతూ ఈ వాదన ఎన్నోసార్లు వచ్చింది. ద్రోహి అనేవారు ఉన్నారు, రాజ్యాన్ని కాపాడిన బుద్ధిమంతుడు అనేవారు ఉన్నారు. 1860 ఒప్పందంలో ఇంగ్లీషువారు 50 లక్షల అప్పు మాఫీ చేసినారు, ధారాశివ్, రాయచూరు దోఆబు తిరిగి ఇచ్చినారు, తిరగబడ్డ షోరాపూర్ రాజు యొక్క సంస్థానాన్ని కూడా నిజాముకే కట్టబెట్టినారు. ఆయన చేసిన పనులు – జిల్లాబందీ, రెవెన్యూ వ్యవస్థ, దారుల్ ఉలూమ్ బడి – వీటి మేలును ఎవరూ కాదనలేరు. ఢిల్లీకి జరిగిన గతి చూసినవారికి హైదరాబాదు మిగలడం చిన్న సంగతిగా కనిపించదు. అయినా, శరణు కోరి వచ్చిన చీదా ఖాన్ దగ్గరికి వచ్చేసరికి మా మనసు ఆయన పక్షాన నిలబడదు. దివానుకు రాజ్యం లెక్క తెలుసు, సరే. ఆ జమాదారు కూడా అదే రాజ్యం ఉప్పు తిన్నవాడే గదా.

మౌల్వీ అలావుద్దీన్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. తుర్రేబాజ్ ఖాన్ ఆయన జాడ చెప్పలేదు కాబట్టే ఆయన సంవత్సరానికి పైగా తప్పించుకొని తిరగగలిగాడు. చివరకు మంగళపల్లిలో పట్టుబడినాడు. 1859 జూన్ 28న అండమాన్‌కు పంపించారు. హైదరాబాదు నుంచి ఆ దీవులకు పోయిన మొదటి ఖైదీ ఆయనే అంటారు. తిరిగి రాలేదు. తన కోసం నోరు మూసుకున్న మిత్రుడు తూప్రాన్ దారిలో చనిపోయి అప్పటికి ఐదు నెలలు దాటింది. ఆ ఓడలో పోతున్నప్పుడు ఆయనకు అది గుర్తుండే ఉంటుంది. ఇద్దరిలో ఒకరికి గొలుసు, ఒకరికి సముద్రం. ఇద్దరికీ ఫాతెహా చదువుదామంటే ఊళ్ళో సమాధి లేదు.

రెసిడెన్సీ తరువాత చాలా మారింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1949లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి మహిళా కళాశాల ఆ భవనంలోకి వచ్చింది. మన ఇండ్ల ఆడపిల్లలు ఎంతమంది అక్కడ బీఏలు, బీఎస్సీలు చదువుకున్నారో! ఏ గేటు మీదికి మగవాళ్ళు కత్తులతో పోయి ఓడినారో, ఆ గేటులో నుంచి వాళ్ళ మనవరాళ్ళ మనవరాళ్ళు పుస్తకాలతో లోపలికి పోయినారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. దొరను ఎదిరించి తన పంటను కాపాడుకున్న ఐలమ్మ పేరు ఆ గోడలకు బాగానే కుదిరిందని మా అభిప్రాయం.

కోఠీలో 1857 జ్ఞాపకార్థం కట్టిన స్తంభం ఉన్నది, తుర్రేబాజ్ ఖాన్ పేరు మీద ఒక రోడ్డు కూడా ఉన్నది. ఆ రోడ్డు మీద షాపింగుకు పోయే మనలో ఎంతమందిమి ఆ పేరు పలికినాము? జనం దాన్ని కోఠీ అంటారు, బ్యాంక్ స్ట్రీట్ అంటారు, బస్టాండు అంటారు. స్తంభం చుట్టూ బండ్లు, బస్సులు, పండ్ల తోపుడుబండ్లు. ముషీరాబాద్ నుంచి పోయేవారు కోఠీ బస్టాండులో దిగి, ఎవరినైనా స్తంభం ఎక్కడ అని అడిగితే చూపిస్తారు. ఆదివారం పొద్దున పోతే రద్దీ కొంచెం తక్కువ, పిల్లలను చేయి పట్టుకొని రోడ్డు దాటించవచ్చు. అక్కడి నుంచి పుత్లీబౌలి నడిచే దూరమే. జైగోపాల్ దాస్ మేడ ఇప్పుడు కనిపించదు, కాని ఆ మేడ నుంచి రెసిడెన్సీ ఎంత దగ్గరో, ఆ రాత్రి ఫిరంగి ముందు నిలబడడం అంటే ఏమిటో అక్కడ నిలబడితే తెలుస్తుంది.